నక్కటోపీ ఆయన పేరు

కళ్ళలో శుక్లాలు ముదిరినప్పటి నుంచీ నాకు నవలలు కోడలి నోటి నుంచే అందుతున్నాయి. ఆపరేషన్ వచ్చే ఏడు మంచు కరిగాకే అన్నాడు డాక్టరు. అందాకా అక్మారల్ చదువుతుంది, నేను తిడతాను. రచయితలనే లెండి, ఆ పిల్లను కాదు.

ముప్పై ఏళ్ళు పాలకేంద్రంలో పాలు కొలిచినదాన్ని. నీళ్ళు కలిస్తే ఇట్టే పసిగడతాను. ఈ వేసవిలో మేం ముగించిన మొదటి నవల నిండా నీళ్ళే. ఎనభై పేజీలదాకా తేనెటీగలు తిరుగుతూనే ఉంటాయి గానీ వాటిని పెంచేవాడు నోరు విప్పడు. రెండోది రైల్వే స్టేషన్లో టీ అమ్మే ఆవిడ కథ. దానికి నేనూ ఏడ్చాను, చదివే పిల్లా ఏడ్చింది, ఈలోగా నూనెలో వేగుతున్న బూర్సోకు పిండిముక్కలు మాడి బొగ్గయ్యాయి. మా అబ్బాయి తాలాయ్ లారీ దిగి వచ్చి, మా ముఖాలు చూసి హడలిపోయాడు.

"ఎవరమ్మా పోయింది?"

"స్టేషన్ మాస్టరు రా," అన్నాను ముక్కు చీదుకుంటూ.

మూడోది మాత్రం నన్ను నిలువునా మండించింది. బెగిమాయ్ అనే పిల్లకి వైద్యం చదవాలని ఆశ. కాలేజీ నుంచి సీటు వచ్చిందని కాగితం కూడా వస్తుంది. మొగుడు కొట్టడు, తిట్టడు, వద్దనడు. అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అంటాడు. గొర్రెలు ఈనాక చూద్దాంలే, గడ్డి కోతలయ్యాక చూద్దాంలే. ఆఖరి పేజీలో అరవయ్యేళ్ళ బెగిమాయ్ ఆ కాగితాన్నే మడతపెట్టి, గాలికి కొట్టుకుంటున్న కిటికీ సందులో దోపుతుంది. అంతే, అయిపోయింది.

"కొట్టేవాడైతే ఎదురు తిరగొచ్చు. ఈ వెన్నముద్ద నోటివాణ్ణి ఏం చేస్తాం!" అని అరిచాను. అక్మారల్ పుస్తకం మూసి తలవంచుకుంది.

అన్నట్టు, ఆ పిల్ల గొడవ ఒకటి చెప్పాలి. పెళ్ళితో దాని టీచరు చదువు రెండో ఏట ఆగిపోయింది. సీటు ఇంకా ఉంది, ఆగస్టు ఆఖరులోగా వచ్చి చేరమని నారిన్ కాలేజీ వాళ్ళు రాశారు. నన్ను రెండుసార్లు అడిగింది. నేను కాదనలేదే! చూద్దాంలే అన్నాను. నిజం చెప్పొద్దూ, అది వెళ్ళిపోతే నాకు చదివిపెట్టే దిక్కెవరు? ఉన్న ఒక్క సరదా పోతుందని నా ఏడుపు నాది.

నెలాఖరు శనివారం మా ఊరి లైబ్రరీలో ఆడవాళ్ళం కూడతాం. టీ, నేరేడుపండు రంగు జాము, చదివినవాటి మీద తలా ఒక మాట. ఆ రోజు నేనే ముందు అందుకున్నాను.

"కథ బాగుంది. కానీ ఆ రచయిత ఎంత బద్ధకస్తుడమ్మా! బెగిమాయ్ మొగుడికి పేరు పెట్టడానిక్కూడా ఒళ్ళు వంగలేదు. మొదటి నుంచి చివరిదాకా నక్కటోపీ ఆయన, నక్కటోపీ ఆయన!"

గది గొల్లుమంది. లైబ్రేరియన్ రాకియా తలాస్ నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెకింకా తెలియదు.

"అదేంటి బురుల్ అక్కా, పేజీకి నాలుగుసార్లుంది పేరు. కదిర్‌బెక్!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. నా ఈడు వాళ్ళంతా టీ గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నారు. పాపం, రాకియా ఒక్కతే బిత్తరపోయింది.

కదిర్‌బెక్ మా ఆయన. పోయి తొమ్మిదేళ్ళయింది. మా వైపు కోడలు మామగారి పేరు ఎలా పలుకుతుంది? అందుకే నవల పొడుగునా ఆ పేరు వచ్చిన ప్రతిచోటా తడుముకోకుండా ఆ మొగుడు పెట్టుకునే నక్కతోలు టోపీని తొడుగుతూ చదివింది. నేనేమో పదిరోజులు ఆ నక్కటోపీని నోటికొచ్చినట్టు తిట్టాను.

ఇంటిదారి పట్టాను. పేరొక్కటే అయితే నవ్వేసి ఊరుకునేదాన్ని. నాకూ ఒక కాగితం వచ్చింది, పంతొమ్మిదో ఏట, అప్పట్లో ఫ్రుంజే అనే బిష్కెక్ నుంచి. లైబ్రరీ చదువుకి. మా ఆయన మంచివాడు, ఒక్కనాడూ గొంతు పెంచలేదు. చూద్దాంలే అన్నాడు. నేను పాలు కొలుస్తూ ఉండిపోయాను. ఆయన పోయాక ఆ మాటని నేను దాచుకుని, నా కోడలికి వడ్డించాను. ఛీ, సిగ్గేసింది.

అక్మారల్ వాకిట్లో పిండి కలుపుతోంది.

"ఏమే, నక్కటోపీ ఆయన అసలు పేరేమిటి?"

చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "ఎలా చెప్పను అత్తయ్యా... తప్పు కదా!"

"కావాలనే తెచ్చావా ఆ పుస్తకం?"

"మీరే కదా లావుపాటిది తెమ్మన్నారు!" అంది. అన్నాక దాని పెదవి చివర చిన్న నవ్వు మెదిలిందో, నా మసక కళ్ళకి అలా అనిపించిందో తెలియదు.

గోడ మీద మా ఆయన ఫొటో ఉంది. దాని ముందుకెళ్ళి నిలబడ్డాను. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా నోట రాని పేరు.

"కదిర్‌బెక్," అన్నాను గట్టిగా. "ఇకమీదట ఈ ఇంట్లో చూద్దాంలే అన్న మాట ఎవరూ అనరు. వింటున్నావా?"

అక్మారల్ పిండి చేతులతో నోరు మూసుకుంది.

"నోరు తర్వాత మూసుకుందువు గాని, నీ కాగితం బయటికి తియ్. సోమవారం తాలాయ్ నిన్ను నారిన్‌లో దింపుతాడు. వాడేమైనా నసిగితే నాకు చెప్పు."

"మరి మీకు చదివేదెవరు అత్తయ్యా?"

"ఫోన్ ఎందుకుంది? రోజూ సాయంత్రం పది పేజీలు చదువు. ఎగ్గొట్టావో, నారిన్ వచ్చి మరీ తంతాను."

అది ఏడుస్తూనే నవ్వింది. నా భుజాల నిండా పిండి పూసేసింది. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది.

"మళ్ళీ ఏ పుస్తకంలోనైనా మామయ్యగారి పేరొస్తే?"

"అక్కడ ఒక్క క్షణం ఆగు," అన్నాను. "ఆ పేరు నేను పలుకుతాను."