మట్టి పోసే సంచులు

"కెటిల్ మరుగుతోంది" అంటాడు ఆర్చీ, నేను గుమ్మంలో టోపీ తీయకముందే. ఇంటిపనంతా తనే చేసిపెట్టినట్టు. మరిగిన కెటిల్ దింపి టీ కలపాల్సింది నేనే, రొట్టె కోసి కొవ్వు రాయాల్సిందీ నేనే, పొయ్యిలో బూడిద ఎత్తాల్సిందీ నేనే. స్కాట్లండ్‌లో మా డండీ ఊళ్ళో గోనె మిల్లులకి ఆడవాళ్ళే కావాలి, చవగ్గా దొరుకుతాం గనక. మగపిల్లలు పెద్దవాళ్ళ జీతం అడిగే వయసు రాగానే బయటికి పంపేస్తారు. అలా ఇంట్లో కూర్చున్న మొగుళ్ళని ఊరంతా కెటిల్ గాళ్ళంటుంది. ఆర్చీ ముందు ఆ మాట ఎవరూ అనరు. మా అత్తగారు మాత్రం నాతో అంటుంది, "నా కొడుకు చేతికి కెటిల్ ఇచ్చింది నువ్వేనమ్మాయ్" అని. మిల్లు నాదైనట్టు.

మా షెడ్డులో రెండొందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే నా కేక నాకే వినపడదు. అందుకని మేమంతా పెదాలతో మాట్లాడుకుంటాం. గొంతు ఉండదు, పెదాలు బాగా కదిలిస్తాం, అంతే. పది మగ్గాల అవతల ఎవరేమంటున్నారో చదివేస్తాను. ఆ అలవాటు ఇంట్లోనూ పోదు. "చేపలాగా నోరాడించకు" అంటాడు ఆర్చీ. వీధిలో గొంతెత్తితే "అరవకే ఎఫీ, అందరూ చూస్తున్నారు" అంటాడు. పదకొండేళ్ళప్పటి నుంచీ మగ్గాల మధ్య ఉన్నాను, సగం చెవుడొచ్చింది, అరవక ఏం చేస్తాను? మొత్తానికి నా నోటికి ఇంట్లోనూ చోటు లేదు, వీధిలోనూ లేదు.

నాకింకో జబ్బు కూడా ఉంది. చేతికి దొరికిన ప్రతిదీ ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అని ఆరా తీయడం. పక్క మగ్గం బెల్లా చెల్లెలు బెంగాల్ నుంచి వచ్చే జనపనార బేళ్ళు విప్పుతుంది. ఒకసారి వాటిలో చిన్న గాజు ముక్క దొరికితే నాకిచ్చింది. ఆకుపచ్చగా, కొంచెం వంపుగా ఉంది. సీసా ముక్క కాదు, మరేమిటో తెలీలేదు. బెల్లా అన్న కలకత్తా మిల్లులో ఫోర్‌మన్. ఆయన సెలవుకి వచ్చినప్పుడు చూపించాను. "అక్కడి ఆడవాళ్ళు చేతులకి వేసుకుంటారమ్మా, పనిలో చిట్లిపోతుంటాయి" అన్నాడు. అప్పటినుంచీ దాన్ని నా చేతితొడుగులో పెట్టుకుని తిరుగుతున్నాను. నార పీకిన ఆ మనిషి చెయ్యి ఎలా ఉంటుందో, ఇది చిట్లినప్పుడు ఆమెనెవరు తిట్టారో అని రోజూ ఏదో ఒక వేళ అనుకుంటాను.

ఆ ఆరా లాగుతూ పోతే ఎక్కడికో పోయింది. మొదట్లో ప్రపంచానికంతా సంచులు మా ఊరివే. తర్వాత మా దొరలే కలకత్తాలో మిల్లులు పెట్టారు, అక్కడ మాకన్నా చవగ్గా దొరుకుతారని. జర్మనీ వాళ్ళూ పెట్టుకున్నారు, మా గోనె వాళ్ళ దేశంలోకి రాకుండా పన్ను వేశారు. మగ్గం కొన్నాక దాన్ని ఊరికే నిలబెట్టలేరు. దానికి నార కావాలి, నేసింది కొనేవాళ్ళు కావాలి. నార పండే నేల మనదైతే మేలు, కొనే దేశం మన చెప్పుచేతల్లో ఉంటే ఇంకా మేలు. మోసుకురావడానికి ఓడ కావాలి, ఆ ఓడకి కాపలాగా ఫిరంగుల ఓడ కావాలి. అవతలివాడికీ మగ్గాలున్నాయి, వాడికీ ఇవన్నీ కావాలి. వాడొక ఫిరంగుల ఓడ కడితే మనవాళ్ళు రెండు కడతారు. నేల మాత్రం ఉన్నంతే ఉంటుంది. మరి చివరికి ఏమవుతుంది?

ఇదంతా ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాను. అప్పటికి జర్మనీతో యుద్ధం మొదలై వారమైంది. ఆర్చీ నవ్వాడు. "సరయేవోలో ఎవడో రాకుమారుణ్ణి కాల్చాడు. దానికీ నీ గోనెసంచికీ సంబంధమేమిటే? టీ పొయ్యి."

"ఒక్క రాకుమారుడి కోసం ఇన్ని ఫిరంగులు ముందే ఎవరు చేసిపెట్టుకున్నారు?" అని అడిగాను. వాళ్ళమ్మ కప్పు ముందుకి జరిపింది, తనకీ పొయ్యమని.

ఆర్చీ మా ఊరి స్వచ్ఛంద దళంలో సిపాయి. ఏటా వేసవిలో రెండు వారాల క్యాంపు, కొత్త బూట్లు, అందుకే చేరాడు. ఇప్పుడు టే నది వంతెన దగ్గర పగటి కాపలాకి పిలిచారు. చట్టప్రకారం ఆ దళం దేశం దాటక్కర్లేదు. దాటడానికి ఇష్టమైతే సంతకం పెట్టమని కాగితాలు పంచారు. ఆదివారంలోగా ఇవ్వాలి. "క్రిస్మస్‌కల్లా అయిపోతుంది, ఈలోగా ఫ్రాన్సు చూసొస్తాను" అని ఆ కాగితం కెటిల్ పక్కన పెట్టాడు.

ఆ గురువారం మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గింది. కుట్టే షెడ్డులో సంచులు చూస్తే నా తొడంత పొడవైనా లేవు. గోధుమలకి చాలవు, బొగ్గుకి నిలవవు.

"ఉల్లిపాయలకేమో" అంది బెల్లా పెదాలతో.

"ఇన్ని ఉల్లిపాయలు ఎవరు తింటారే?"

షెడ్డు చివర అద్దాల గదిలో మేనేజరు లౌడన్, ఎదురుగా సైన్యం టోపీ పెట్టుకున్న ఒకాయన. తలుపు వేసుకున్నారు. మా పెదాల సంగతి వాళ్ళకి తెలుసు, కానీ వాళ్ళ పెదాలు కూడా చదవగలమని వాళ్ళకెప్పుడూ తోచదు. టోపీ ఆయన అన్నాడు, "మట్టి నింపి కందకాల ముందు పేరుస్తారు. మూడేళ్ళకి సరిపడా కావాలి, ఇంకా ఎక్కువే పట్టొచ్చు." లౌడన్ సంతోషంగా, "రంగూన్ బియ్యం సంచులు ఆపేస్తాను, అన్ని మగ్గాలూ మీవే" అన్నాడు.

బెల్లాకి చెప్పాను. "మట్టా? మట్టి కోసం సంచులు కొంటారా?" అని నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసింది. వాళ్ళాయనా ఆ దళంలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆర్చీ కెటిల్ మాట ఎత్తకముందే చెప్పేశాను. "మూడేళ్ళట. నా కళ్ళతో చదివాను. సంతకం పెట్టకు."

"సంచులు నేసేదానివి, యుద్ధం నీకేం తెలుసు?" అన్నాడు. అని, కెటిల్ పక్కనుంచి కాగితం తీసి సంతకం పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అద్దం అవతలినుంచి చదివిన మాట నిజమని నమ్మించలేని నోరు నాదెందుకయిందా అని.

ఫిబ్రవరిలో రైలెక్కించారు. స్టేషను నిండా బ్యాండు మోత. ఆర్చీ కిటికీ దగ్గర కూర్చున్నాడు, అద్దం దించలేదు, చలి. నాకు చెయ్యి ఊపి, పక్కవాడి వైపు తిరిగాడు. నేనున్నానన్న సంగతి మర్చిపోయాడు. మోత మధ్య తన పెదాలు తేటగా కనపడ్డాయి.

"మూడేళ్ళని మా ఎఫీ ఆగస్టులోనే చెప్పింది. అది చూసిందంటే నిజమే. కెటిల్ కాస్తూ మూడేళ్ళు కూర్చోవడం కన్నా ఇదే నయమనిపించింది."

రైలు కదిలింది. అంటే నన్ను నమ్మాడు. నమ్మే వెళ్ళాడు. మగవాళ్ళు ఖరీదని ఇంటికి పంపిన మిల్లే, ఆ మగవాళ్ళ ముందు పేర్చడానికి నా చేత సంచులు నేయిస్తోంది. తిట్టుకోవాల్సింది ఆర్చీనా, మరొకరినా అని ఇంటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. కెటిల్ చల్లగా ఉంది. నేనే పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న మగ్గం ముందు నిలబడి చేతితొడుగు తీశాను. గాజు ముక్కని అరచేతిలో పెట్టుకున్నాను. ఆ గాజు వేసుకున్న మనిషికైనా ఎవరైనా చెప్పి ఉంటారా, ఈసారి నార మట్టి సంచులకి పోతుందని? చెప్పి ఉండరు.

బెల్లా వైపు తిరిగి పెదాలతో అన్నాను, "ఆపు. నేను లౌడన్‌ని అందరూ వినేలా అడుగుతాను."

బెల్లా పక్కామెకి చెప్పింది, ఆమె అవతలామెకి. నా మగ్గం ఆపాను. బెల్లాది ఆగింది. తర్వాత వరస, ఆ తర్వాత వరస. షెడ్డు అంతా ఆగిపోయింది. లౌడన్ అద్దాల గది తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఈ మట్టి సంచులు ఎన్నేళ్ళకి ఒప్పుకున్నారు?" అని అడిగాను. అరవలేదు, మామూలుగానే అడిగాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ షెడ్డులో నా గొంతు నాకు వినపడింది.