చెలిమెల మలుపు

లారీ వాగు ఇసుకలో తవ్వుకున్న నీళ్ల చెలిమెల మీదుగానే పోయింది. పక్కన ఏడు లారీలు పోయేంత జాగా ఉంది. అయినా డ్రైవరు చెలిమెల మీదుగానే పోనిచ్చాడు. కొమురవ్వ పక్కకు దొర్లింది కాబట్టి బతికింది. తెల్లారినప్పటి నుంచి కొబ్బరిచిప్పతో చిప్పెడు చిప్పెడు తోడి సగం నింపుకున్న బిందె మాత్రం బోర్లాపడింది. నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి. క్లీనరు తల బయటపెట్టి ఇకిలించాడు.

"నీ బండి బోల్తగొట్ట! నీ ఇంట్ల నీళ్లు తాగరార?" అని కిష్టవ్వ కట్టె ఎత్తి వెంటపడింది. ఆమె కొమురవ్వకు అత్త. నడుం వంగింది గాని నోరు వంగలేదు.

"ఎవలి మీద లేస్తున్నవవ్వా?" పక్క చెలిమె కాడి నుంచి బాలలక్ష్మి అన్నది. "గా లారీ నింపింది నీ కొడుకే గదా! నీ కోడలు సుత బుట్టలు మోసింది."

కిష్టవ్వ కట్టె దించింది. కొమురవ్వ బోర్లాపడ్డ బిందెను లేపుకుంది. బాలలక్ష్మి మొగుడు కూడా నింపాడు. వాగొడ్డుపల్లె కూలీల వాడలో పార పట్టగలిగిన ప్రతి చెయ్యీ నింపింది.

ఎండాకాలంలో ఆ వాగును చూసిన కొత్తవాళ్లు ఎండిపోయిందనుకుంటారు. వాగు ఎండదు, ఇసుక కిందికి దిగుతుంది. మోచెయ్యి లోతు తవ్వి ఓపిగ్గా కూర్చుంటే చెలిమెలోకి తేటనీళ్లు ఊరతాయి. ఊరికి పైన వాగు మలుపులో ఆ ఊట ఎప్పుడూ తప్పలేదు. దసరా పోయినంక ఇంటికొకరు కదిలి, వావిలికంప అల్లి, ఇసుక ఎత్తి మలుపుకు అడ్డుకట్ట వేసేవాళ్లు. పారే ఆఖరి నీళ్లు ఇసుకలోకి ఇంకేవి. ఆ మలుపులో నుంచి సొంతింటికైనా సరే ఒక్క బండెడు ఇసుక తీయొద్దని కట్టుబాటు. బాలెంత ఉన్న ఇంటి బిందె ముందు, చావు జరిగిన ఇంటి కుండ తర్వాత, మిగతావాళ్లు వచ్చిన వరుసలో. దీన్ని ఏ సర్కారూ రాసివ్వలేదు. వాడ జనమే పెట్టుకున్నది, వాడ జనమే కాపాడుకున్నది.

చెడగొట్టింది ప్రేమ్‌సాగర్‌రావు దొర. డెబ్బై ఎనిమిదిలో రైతుకూలీ సంఘాల గాలి లేచినప్పుడు గడీకి తాళం వేసి కరీంనగర్ పారిపోయినవాడే. ఎనభై ఏడు ఎండాకాలానికి ఇసుక కంట్రాక్టరై జీపులో తిరిగొచ్చాడు. పట్నంలో మేడలు లేస్తున్నాయి, ఇసుక కావాలి. వెట్టి అనే మాట పోయి కూలి అనే మాట వచ్చింది. పార మాత్రం అవే చేతుల్లో ఉంది. రెండేళ్లలో దిగువ ఇసుక అయిపోగానే, ఈ ఎండాకాలం దొర లారీలు మలుపుకు ఎక్కాయి.

ఆ వచ్చిన ఆదివారం పొద్దున పెద్దపల్లి నుంచి అనసూర్య వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, కూలీ సంఘంలో తిరుగుతుంది. వాడ నడుమ యాపచెట్టు కింద నలభై మంది కూడారు.

"మలుపును తవ్వనియ్యకుండ్రి," అన్నది అనసూర్య. "ఇసుక పోతే ఊట పోతది. ఊట పోతే ఊరే లేచిపోవాలె."

"గట్ల బెదిరియ్యకు," అన్నాడు మేస్త్రి హనుమండ్లు. లారీలకు మనుషుల్ని కుదిర్చేది అతనే. "వానకాలం వరదొస్తే గుంతలన్నీ పూడుతయి. మా తాతల కాడికెల్లి గదే చూస్తున్నం."

"మీ తాతల నాడు పైన డ్యాం లేకుండె మామా. ఇప్పుడు వరద ఆడనే ఆగుతది. గేట్లు లేపితే నీళ్లొస్తయి గని ఇసుక రాదు. నిరుడు తవ్విన గుంతల ఒక్కటి పూడిందా? చూపెట్టు."

హనుమండ్లు గడ్డం గోక్కున్నాడు. నిరుటి గుంతలు నోళ్లు తెరుచుకుని అట్లాగే ఉన్నాయని అందరికీ తెలుసు. వరద మీద నమ్మకం మాత్రం పోలేదు.

కొమురవ్వ మొగుడు ముత్తయ్య లేచాడు. మాటకారి కాదు, నవ్వుమొగం మనిషి. "అక్కా, ఇసుక లేకుంటే నీళ్లు లెవ్వు. లారీ లేకుంటే బువ్వ లేదు. గీ రెండిట్ల ఏది ఇడువాలె, నువ్వే చెప్పు."

"కష్టమే తమ్మీ," అని ఒప్పుకున్నది అనసూర్య. "నువ్వొక్కనివి ఇడిస్తె ఇంకొకడు నింపుతడు. అందరు ఇడిస్తె మలుపు ఇడిసిపెట్టి కూలి ఇయ్యుమని అడుగొచ్చు. ఎవలు దిగకుంటే దొరనే దిగి నింపాలె."

"దొర పార పడ్తడా?" ముత్తయ్య పగలబడి నవ్వాడు. తెల్లబట్టల దొర ఇసుకలో దిగి ఎత్తుతుంటే ఎట్లా ఉంటుందో అనుకుని వాడంతా నవ్వింది. తెల్లారి అందరూ మళ్లీ పారలు పట్టుకుని వాగులోకే పోయారు. కొమురవ్వ కూడా పోయింది. కడుపు అట్లాంటిది.

పది రోజుల్లో చెలిమెలు ఎండాయి. మోచెయ్యి లోతు కాదు, మనిషి లోతు తవ్వినా పొడి ఇసుకే. మలుపులో గుంత మాత్రం రెండు నిలువుల లోతయింది.

నడిపొద్దు ఎండలో అది జరిగింది. ముత్తయ్య గుంత అడుగున నిలబడి గోడ మొదలు నరుకుతున్నాడు. అంచు మీద సగం నిండిన లారీ నిలబడి ఉంది. చప్పుడేమీ కాలేదు. గోడ కూర్చున్నట్టు కూర్చుంది. ధూళి అణిగేసరికి ముత్తయ్య లేడు. ఇసుకలోంచి మణికట్టు దాకా ఒక చెయ్యి కనబడింది. పార పిడి ఒరుసుకోకుండా అరచేతికి కొమురవ్వ పొద్దున కట్టిన పాత చీరపేలిక దానికి ఉంది.

ఆ చెయ్యి కదిలింది. కొమురవ్వ చూసింది. అందరూ చూశారు.

హనుమండ్లు, ఇంకో పదిమంది గుంతలోకి దూకారు. చేతులతో ఇసుక తోడటం మొదలుపెట్టారు. అప్పుడే జీపు ఆగింది.

"అరే! లారీ ఒరుగుతుందిరా! ముందు లారీని తొయ్యుండ్రి!" అని దొర కేక వేశాడు.

ఇక్కడ చెప్పడానికి నోరు రాదు. కానీ చెప్పాలి, వీళ్లు దాచలేదు కాబట్టి మనమూ దాచొద్దు. ఆ పదకొండు మందీ గుంత ఎక్కి లారీకి భుజాలు పెట్టారు. రాతిగుండెల వాళ్లు కాదు. వీళ్ల తండ్రులు దొర తండ్రి ఎద్దుల కచ్చరాన్ని బురదలో నుంచి తోసినవాళ్లు. తొయ్యుమనే మాట చెవిన పడితే మనసు కంటే ముందు భుజం కదిలింది. లారీ చక్రాలు తిరిగినప్పుడల్లా అంచు కుంగి గుంతలోకి ఇంకింత ఇసుక జారింది. చెయ్యి మునిగిపోయింది. కింద కొమురవ్వ ఒక్కతే గోళ్లూడేలా తోడుతూ, "ఓ మామా! ఓ అన్నా! ఇటు రారాదుండ్రి!" అని గుండెలు పగిలేలా ఏడుస్తోంది.

లారీ గట్టెక్కింది. ముత్తయ్యను బయటికి తీసేసరికి నోటినిండా ఇసుకే.

దొర జీపు దిగలేదు. "కల్లు తాగి గుంతల పడ్డడని రాయిస్త. మీరందరు గదే చెప్పుండ్రి, పోలీసులతోని పరేషాన్ ఉండదు. శవం తానానికి మా బోరు నీళ్లు ట్యాంకర్ల పంపిస్త," అని హనుమండ్లుతో చెప్పి పోయాడు.

గంటలో ట్యాంకరు వచ్చింది. మూడు రోజులుగా గొంతు తడి లేని వాడ. బిందెలు ఒకటొకటిగా ట్యాంకరు దిక్కు కదిలాయి. కొమురవ్వ లేచి ట్యాంకరు ముందు నిలబడింది. చేతివేళ్ల నుంచి రక్తం కారుతోంది.

"నా పెనిమిటి తాగలే. పొద్దుగాల జొన్న గటక తాగిండు, గంతే. గీ నీళ్లు ముట్టుకుంటే తాగి సచ్చిండని ఒప్పుకున్నట్టే. నాకద్దు. మీకు కావాలెనంటే నన్ను తొక్కి పట్టుకోండ్రి."

బిందెలు ఆగాయి. హనుమండ్లు వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు. "నేను లారీని తోసిన, కొమురీ. చెయ్యి కండ్లార చూసుకుంట తోసిన. నన్ను కొట్టు."

"కొట్టను మామా," అన్నది కొమురవ్వ. "నిన్ను కొడితే దొర బతికిపోతడు. శవాన్ని ఎత్తు. లారీబాట మీద పెట్టు."

తెల్లారి పొద్దెక్కేదాకా ముత్తయ్య లారీబాటకు అడ్డంగా ఉన్నాడు. తానం లేకుండా మట్టి చెయ్యరాదు. చెలిమె నీళ్లే కావాలి, చెలిమెలు ఎండాయి. కిష్టవ్వ గుంత అడుగుకు దిగి, కొడుకు కూరుకుపోయిన చోటే తవ్వింది. ఊరంతటికీ లోతైన జాగా అది. తడి తగిలింది. కొబ్బరిచిప్ప పెట్టి కూర్చుంది.

చావు జరిగిన ఇంటి కుండ నిండేదాకా ఎవరూ కదలొద్దు. వాడంతా గుంత చుట్టూ వరుసగా కూర్చున్నది. చెలిమె కాడ కూర్చోవడం వాళ్లకు కొత్త కాదు. ఒక చిప్ప ఊరడానికి ఎంతసేపైనా కూర్చుంటారు. బాట మీద నిన్న నింపిన ఎనిమిది లారీలు ఆగాయి. సుల్తానాబాద్ దాకా మాట పోయింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. అనసూర్య కూడా వచ్చింది. ఉపన్యాసం ఇవ్వలేదు, కుండ అందుకుని కిష్టవ్వ పక్కన కూర్చుంది.

పోలీసువ్యాను, దాని వెనక దొర జీపు వచ్చేసరికి కుండ నిండింది. కొమురవ్వ మొగుని తల మీద నీళ్లు పోసింది. నోట్లో ఇంకా మిగిలిన ఇసుకను వేలితో తీసి కొంగున కట్టుకుంది.

"తాగి పడ్డాడని సంతకాలు పెట్టి శవాన్ని తియ్యండి," అన్నాడు ఎస్సై.

"తీస్తం," అన్నది కొమురవ్వ. "ముందు లారీలల్ల ఉన్న మా ఇసుక గుంతల పోస్తం."

హనుమండ్లు మొదటి లారీ ఎక్కి వెనక తలుపు గొళ్లెం ఊడగొట్టాడు. ఇసుక బాట మీదికి జలజల దిగింది. ఆడవాళ్లు బుట్టలు పట్టారు. నిన్నటిదాకా కూలి కోసం ఎత్తిన ఇసుకను ఇప్పుడు నీళ్ల కోసం వెనక్కి మోశారు. లాఠీలు లేచాయి. బాలలక్ష్మి తల పగిలింది, ఆమె బుట్ట దించలేదు. అనసూర్యను జుట్టు పట్టి ఈడ్చారు. హనుమండ్లు మోకాలి చిప్ప విరగ్గొట్టారు. కొమురవ్వను శవం మీద నుంచి గుంజి, హనుమండ్లుతో పాటు వ్యాన్లోకి విసిరారు.

"రేపు వేరే ఊరి కూలోళ్లను తెచ్చి నింపిస్త," అన్నాడు దొర. వెనక వరుసలో వేరే ఊరి కూలీలే నిలబడి వింటున్నారు.

వ్యాను కదిలి, వాగు దాటబోయి, వంద అడుగుల్లో ఇసుకలో దిగబడింది. చక్రాలు ఉత్తగనే తిరిగాయి.

"తొయ్యండిరా!" అని ఎస్సై అరిచాడు.

బాట పొడవునా రెండు వందల మంది ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

"అరే హనుమండ్లూ! చెప్పురా నీ మనుషులకు, తొయ్యుమను!" దొర వ్యాను కిటికీ కాడికి వచ్చి ఉరిమాడు.

హనుమండ్లు విరిగిన మోకాలిని పట్టుకుని, "ఆళ్లకు ఇనవడుతలేదు దొరా," అన్నాడు.

పోలీసులే దిగారు. ఎనిమిది మంది తోసినా చాలలేదు. చివరికి దొర తెల్లబట్టల మీదే భుజం పెట్టాడు. బూట్లు ఇసుకలో జారుతుంటే మోకాళ్ల మీద పడి లేచి మళ్లీ తోశాడు. పక్క నుంచి వాడ జనం, వేరే ఊరి జనం బుట్టలెత్తుకుని గుంత దిక్కు పోతున్నారు. ముత్తయ్యను పాడె మీద పెట్టి నలుగురు వాళ్లతోనే నడుస్తున్నారు. ఒక్కరు కూడా ఆగి దొరను చూడలేదు.

ముత్తయ్య ఉంటే పగలబడి నవ్వేవాడు. కొమురవ్వకు నవ్వు రాలేదు. కొంగున ఉన్న ఇసుకను విప్పి, రక్తపు వేళ్లతో కిటికీ జాలీలో నుంచి, పక్కన పోతున్న కిష్టవ్వ బుట్టలోకి రాల్చింది.

"అత్తా!" అని అరిచింది. "ఇది సుత గుంతల పొయ్యుండ్రి!"