దసరానాడు నున్నబడ్డ తుపాకి

అరబ్బుల దేశంలో, బర్కా ఖర్జూరతోటలో, పనివాడు పెద్దులు ఆ సాయంత్రం తడిసిన చెట్టునే మళ్లీ మళ్లీ తడుపుతున్నాడు. పైపు చేతిలో ఉందిగానీ కళ్లు వసారా మీదే. అక్కడ తోట యజమాని, అర్బాబ్ నాసర్, కూర్చున్నాడు. ఎదురుగా చాప మీద ఖమరుద్దీన్, రూవి పట్నంలో పాత తుపాకులు బాగుచేసే కడప మనిషి, స్క్రూడ్రైవర్లు పేర్చుకుంటున్నాడు. ఇద్దరి మధ్యా ఆ తుపాకి.

కింద ఇనుప పిడి లాగి మూస్తే తూటా దానంతటదే ఎక్కే రకమది. దాంతో అర్బాబ్ తాత ఒక్క దెబ్బకు తోడేలునూ, దాని వెనకున్న నక్కనూ కొడితే, నక్క నోట్లోని కోడి మాత్రం ఈకలు దులుపుకుని ఇంటికి నడిచొచ్చిందట. అర్బాబ్ ఈ కథ చెప్పినప్పుడల్లా అందులో ఒక జంతువు పెరుగుతుంది. నమ్మనివాడు అర్బాబ్ చిన్నాన్న ఒక్కడే. "ఇది అమెరికా కార్ఖానాదా? ఏ కొండల్లోనో సుత్తితో కొట్టిన నకలు," అని పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వు అణచడానికే ఖమరుద్దీన్‌ను పిలిపించింది. తుపాకి మీద నంబరు చూస్తే ఏ ఏడాది తయారైందో చెప్పేస్తాడు మరి.

ఆ నంబరిప్పుడు లేదు. పెద్దులే అరగదీశాడు.

జగిత్యాలలో నాయిన చేసినట్టే, మొన్న దసరాకు కొడవలి, గడ్డపార, నీళ్ల మోటరు కడిగి బొట్లు పెట్టాడు. అంతలో అర్బాబ్ గదిలో గోడకున్న తుపాకి గుర్తొచ్చింది. అసలు ఆయుధాన్ని వదిలేసి మోటరుకు మొక్కడమేంటి అనుకుని, తుప్పంతా పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దాడు. వచ్చేవారం మనవరాలిని తొట్టెల్లో వేసే పండుగకు లీవు అడిగి ఉన్నాడు. అర్బాబ్‌కు తిక్క రేగిందా, లీవు కాదు, వీసాయే క్యాన్సిల్.

"పెద్దులన్నా, రోన్ని నీళ్లు తీసకరాప్పా," ఖమరుద్దీన్ పిలిచాడు. చెంబు అందుకుంటూ గొంతు తగ్గించాడు. "ఏందిది, పెండ్లికూతురి చెంప మాదిరి నున్నగుండాది? నంబరేది?"

"నేనే రుద్దిన భాయ్. దసరాకు."

"బొట్టు గూడా పెట్టినావా?"

"పెట్టిన. నిమ్మకాయ గూడ కోసిన."

ఖమరుద్దీన్ ఒకసారి కళ్లు మూసుకున్నాడు. "సరేలే. గాలికీ ఇసుకకీ అరిగిందని చెప్తా. నువ్వు మాత్రం నోరు మెదపాకు."

తుపాకి భుజానికి ఆనే మడమ దగ్గరి రేకు విప్పి, కర్ర ఊడదీశాడు. రేకు లోపల చిన్న అంకె. కర్ర గాడిలో అదే అంకె. ఆ గాడిలో కూర్చునే ఇనుప తోక మీదా అదే. "అర్బాబ్, ఒక తుపాకి ముక్కలు ఇంకోదాంట్లో కలవకుండా కార్ఖానాలో కొట్టే గుర్తు ఇది. నకలు చేసేవాడు కంటికి కనబడని చోట ఇంత శ్రమ పడడు. ఇది అసలుదే."

అర్బాబ్ మొహం విచ్చుకుంది. "ఏ ఏడాదిది?"

"అది పైనంబరే చెప్పాలి. గాలికి..."

అర్బాబ్ బొటనవేలు నంబరుండాల్సిన చోటును తడిమింది. ఆగిపోయింది. "గోడకున్నదానికి గాలేమిటి? ఈద్‌నాడు కూడా ఈ అంకెలు నా వేలికి తగిలాయి." మొహం నల్లబడింది. "ఆ రోజు నా తర్వాత దీన్ని పట్టుకున్నది చిన్నాన్న కొడుకే. సాక్ష్యం లేకుండా చేశారన్నమాట."

ఫోను తీసి చిన్నాన్నకు కలిపాడు. అటు మోగుతోంది. ఖమరుద్దీన్ పెద్దులు వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇంకో క్షణమైతే ఒకే నెత్తురు రెండిళ్లుగా చీలుతుంది. పెద్దులు ముందుకు జరిగాడు.

"అర్బాబ్, వాళ్లు గాదు. నేనే."

తనకొచ్చిన అరబ్బీ ముక్కలన్నీ జోడించి చెప్పాడు. అన్నం పెట్టే ఇనుముకు ఏడాదికోసారి మొక్కుతామని, మీ ఇంటి ఇనుముకూ మొక్కానని, పోయిన నంబరు తేలేనని. అర్బాబ్ కన్నార్పలేదు. అటువైపు ఫోను ఎత్తారు. అర్బాబ్ దాన్ని పెద్దులు చేతిలో పెట్టాడు. "ఆయనకూ చెప్పు."

చెప్పాడు. లోపల దొరికిన అంకెల సంగతి కూడా. అవతల ముసలి నవ్వు మొదలై, దగ్గుగా మారి, మళ్లీ నవ్వయింది. లోపలి అంకెలు చూడ్డానికి ఇప్పుడే వస్తున్నానన్నాడు చిన్నాన్న.

అర్బాబ్ నవ్వలేదు. ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"లీవుకు పో," అన్నాడు, మొహం చూడకుండా. "తిరిగొచ్చాక ఈ తుపాకి ఉండే గది గడప మాత్రం తొక్కకు."

పెద్దులు తలూపి, కావా కాఫీ పెట్టడానికి వంటింట్లోకి నడిచాడు. వచ్చే ముసలాయనకూ సరిపోయేలా పాత్రలో ఇంకొన్ని నీళ్లు పోశాడు.