తలా ఒక మూత

మా అత్తకు వీధిలో ఉన్న పేరు హారన్. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి. ఆవిడ నాన్నకు అక్క. డ్రైవింగ్ స్కూలుకు యజమానీ, టీచరూ, గుమాస్తా అన్నీ తనే. స్కూలంటే ఏదో పెద్దది ఊహించుకునేరు. టైర్ల కొట్టుకు ఎదురుగా ఒక ఇరుకు గది, గోడ నిండా ట్రాఫిక్ గుర్తుల పటాలు, ఒక కాలు పొట్టిదైన బల్ల, బయట ఒకే ఒక్క తెల్ల కారు. ఎండకు కాగిన సీట్లూ, ఇంజిన్ ఆయిలూ, అత్త రాసుకునే పౌడరూ కలిసి ఆ కారులో ఒక వాసన ఉండేది. దానికోసం ఇప్పటికీ పాత కారు ఎక్కడ కనపడినా తల లోపలికి పెట్టి చూస్తుంటాను. పరువు పోవడమే తప్ప ఆ వాసన మాత్రం మళ్లీ దొరకలేదు.

చదువయ్యాక నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న రోజులవి. "దాన్ని నా దగ్గరికి పంపరా, గోళ్లయినా మిగులుతాయి" అంది అత్త నాన్నతో. అలా చేరాను. రోడ్డు గుర్తులు, నియమాలు గదిలో కూర్చోబెట్టి నేను చెప్పేదాన్ని. రోడ్డు మీద పాఠం మాత్రం అత్తది. నాకు డ్రైవింగ్ నేర్పింది తనే, నేర్పడానికి కావలసిన పరీక్ష రాయించిందీ తనే. అయినా ఒక్కసారి కారు పాఠం నన్ను చెప్పనివ్వమంటే "నీకింకా పాలపళ్లు ఊడలేదు" అనేది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అత్త దగ్గర ఒక పద్ధతి ఉండేది. స్టీరింగ్ ముట్టుకునే ముందు నేర్చుకునేవాళ్లు ఎవరైనా సరే బానెట్ ఎత్తాలి. ఇంజిన్ పక్కనుంచి ఆయిల్ చూసే కడ్డీ లాగాలి. గుడ్డతో తుడవాలి, మళ్లీ ముంచి తీయాలి, కడ్డీ మీద ఉన్న రెండు గీతల మధ్య ఆయిల్ ఎక్కడిదాకా తడిసిందో చూడాలి. చూశాక డబ్బాలోంచి ఒక మూత నిండా ఆయిల్ ఇంజిన్లో పోయాలి. చూడటం ఒక పాఠం, పోయడం ఒక పాఠం. "బండికి తిండి పెట్టనివాడు బండి తోలడానికి పనికిరాడు" అనేది అత్త. బ్యాంకు ఉద్యోగి వచ్చినా, కాలేజీ పిల్ల వచ్చినా, రిటైరయిన లెక్కల మాస్టారు వచ్చినా అందరికీ అదే. ఇస్త్రీ చొక్కాల మీద ఆయిల్ మరకలు పడేవి. ఎవరూ కిక్కురుమనేవాళ్లు కాదు.

పాత ఇంజిన్ ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతికి ఏ లోటూ రాలేదు. ఎందుకంటే అది పచ్చి తాగుబోతు ఇంజిన్. నేర్చుకునేవాళ్లు పోసిందంతా తాగి, పొగగా వదిలేసేది. వాళ్లు పోసేదీ అది తాగేదీ ఎలా సరిపోయేవో ఎవరూ ఆలోచించలేదు. సరిపోయేవి, అంతే.

ఆ ఇంజిన్‌ను విప్పి కొత్తగా కట్టింది నాన్న. నాన్న మెకానిక్. అప్పటికే షెడ్డు పని దాదాపు మానేశాడు, చేతులు వణుకుతున్నాయని. అత్త కారును ఇంకెవరికైనా ఇద్దామనుకుంటే "నేనుండగానా?" అన్నాడు. అంతే, ఇంజిన్ మా షెడ్డులో బల్ల మీదికొచ్చింది. ఆ వానాకాలమంతా రేకుల మీద వాన చప్పుడు, కింద నాన్న రేడియో. నేను టీ పట్టుకెళితే చూసేదాన్ని. చిన్న చిన్న రింగులు పిస్టన్‌కు ఎక్కించేటప్పుడు మోచేయి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, వణుకు ఆగేదాకా ఆగి ఎక్కించేవాడు. ఒక్కోసారి ఎక్కించినదాన్ని తీసి మళ్లీ ఎక్కించేవాడు. "ఇదే నా చివరి ఇంజిన్" అన్నాడొకరోజు, ఏదో మంచి కబురు చెప్పినంత తేలిగ్గా.

మొదటిసారి స్టార్ట్ చేస్తే అత్త సీట్లో కూర్చుని "ఏంట్రా, స్టార్ట్ అయిందా లేదా?" అని అడిగింది. అంత మెత్తగా నడిచింది. పొగ లేదు. ఆవిడ ఆరోజు కారును వీధి చివరిదాకా పోనిచ్చి, వెనక్కి తెచ్చి, ప్రతి కొట్టు ముందూ ఆపి "మా తమ్ముడి చెయ్యి" అని చెప్పుకుంది. నాన్న షెడ్డు గుమ్మంలో నిలబడి, ఏదో వెతుకుతున్నట్టు కిందికి చూస్తూ నవ్వుకున్నాడు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత ఒకరోజు కారు వెనక నీలం పొగ కనపడింది. మర్నాటికి ఇంకా ఎక్కువైంది. కారు ఆపిన చోటల్లా కింద ఆయిల్ మరక. "మేడం, దోమల మందు మీరే కొడుతున్నారా?" అన్నాడు టైర్ల కొట్టతను. అత్తకు తల తీసేసినట్టయింది. అలాంటప్పుడు ఆవిడ నోరు ఆవిడ మాట వినదు. "ఏం చెప్పనయ్యా, మా తమ్ముడి చెయ్యి పోయింది" అనేసింది. మామూలుగా అన్నా వీధి చివరికి వినపడే గొంతు. నాన్నకు చేరడానికి ఎంతసేపు?

నాన్న కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. పెట్టెలో ఉన్న స్పానర్లన్నీ బయటికి తీసి, ఒక్కొక్కదాన్నే తుడిచి, గుడ్డలో చుట్టి కట్టేశాడు.

"వెళ్లి ఒకసారి చూడు నాన్నా" అన్నాను.

"చూసేదేముంది? రింగులు సరిగ్గా కూర్చోలేదు, సందుల్లోంచి ఆయిల్ పైకొచ్చి కాలుతోంది. ఎక్కించేటప్పుడే అనుమానం వచ్చింది. అక్క అన్నదాంట్లో తప్పులేదు, చెయ్యి పోయింది" అన్నాడు.

రేడియో మూగపోయింది. షెడ్డుకు తాళం పడింది. నాన్న వసారాలో కూర్చుని తన చేతుల్ని తనే చూసుకునేవాడు. ఇటు అత్తేమో కారును పాత ఇనుము వాడికి ఇచ్చేసి స్కూలు మూసేస్తానంటోంది. ఒకే పేగు తెంచుకు పుట్టినవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. మధ్యలో నేను. ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది నాకు.

ఆ మంటతోనే ఒక పొద్దున స్కూలుకు అందరికంటే ముందు వెళ్లి బానెట్ ఎత్తాను. గదిలో పాఠాలు చెప్పుకునే నాకు, నేను నేర్చుకోవడం అయ్యాక మళ్లీ దాన్ని ఎత్తే పనే పడలేదు. కడ్డీ లాగి, తుడిచి, ముంచి తీశాను. ఆయిల్ పై గీత దగ్గర లేదు. పై గీత దాటి, కడ్డీ సగం దాకా తడిసి ఉంది. పొరపాటేమో అని మళ్లీ తుడిచి చూశాను. అంతే ఉంది.

ఎవరు పోశారింత? అని బుర్ర బద్దలు కొట్టుకుంటుండగానే జవాబు నడుచుకుంటూ వచ్చింది. లెక్కల మాస్టారు వచ్చి, నాకు నమస్కారం పెట్టి, చేతులు మడిచి, డబ్బా అందుకున్నారు. ఒక మూత. ఆయన తర్వాత కాలేజీ పిల్ల. ఇంకో మూత. తాగుడు మానేసిన ఇంజిన్‌కు ఊరంతా కలిసి రోజూ పోస్తూనే ఉంది. తిలాపాపం తలా పిడికెడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పిల్ల చేతిలోంచి డబ్బా లాక్కున్నాను.

అత్త రాగానే చెప్పాను. ముందు నమ్మలేదు. "గీత దగ్గరే ఉందని పిల్లలంతా చెప్తున్నారే" అంది.

"వాళ్లకేం తెలుసత్తా? నువ్వు అడిగితే భయానికి ఉందనే అంటారు. నువ్వు చూళ్లేదా?"

అత్త మొహం పక్కకు తిప్పుకుంది. "మీ నాన్నను పిలువు" అని మాత్రం అంది.

నాన్న ఒక పట్టాన కదల్లేదు. రింగులు కాదు నాన్నా, ఆయిల్ అని నేను రెండు చేతులూ పట్టుకుని లాగితే అప్పుడు లేచాడు. పాత బేసిన్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. అక్కాతమ్ముళ్లు పలకరించుకోలేదు. నాన్న కారు కిందికి దూరి, ఇంజిన్ అడుగున ఉండే బోల్టు వదులు చేశాడు. బేసిన్లోకి ఆయిల్ దిగింది. దిగుతూనే ఉంది. చాలనిపించాక బోల్టు బిగించి, వేళ్ల మధ్య ఆ ఆయిల్ రుద్ది చూసుకున్నాడు.

"లోపల తిరిగే ఇరుసు ఇందులో మునిగిపోయింది" అన్నాడు కారు కిందనుంచే, ఎవరితో అన్నదీ తెలియకుండా. "కవ్వం పెట్టి చిలికినట్టు చిలికేసింది. నురగంతా పైకి తన్ని పొగైంది. ఇనుప రజను లేదు, అరుగుదల లేదు. రింగులకేం కాలేదు."

స్టార్ట్ చేస్తే కాసేపు పొగ వచ్చింది, పలచబడింది, ఆగిపోయింది. అత్త ఆపకుండా అలాగే ఉంచమంది. వానాకాలంలో విన్న అదే మెత్తటి చప్పుడు. నాన్న బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. మొహం మాత్రం వెలిగిపోయింది.

ఇంజిన్ ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, నాన్న కడ్డీ లాగి గుడ్డతో తుడిచాడు. ముంచబోతుంటే అత్తకు ఓపిక లేదు. "ఇలా తే, నేను చూస్తా" అని లాక్కుంది. కళ్ల దగ్గరగా పెట్టుకుంది. వెలుతురువైపు తిప్పింది. "ఆ, ఇప్పుడు సరిగ్గా గీత దగ్గరుంది" అంది.

కడ్డీ పొడిగా ఉంది. దాని మీద ఒక్క చుక్క ఆయిల్ లేదు.

నాన్న నావైపు చూశాడు. నేను నాన్నవైపు చూశాను. కొంతకాలంగా అత్త కారు పాఠంలో కొత్తగా చేర్చినవన్నీ నాకప్పుడు గుర్తొచ్చాయి. ముందు పోయే బండి నంబరు పైకి చదవాలి. సిగ్నల్లో ఏ రంగుందో గట్టిగా చెప్పాలి. ఏకాగ్రత కోసమట. నాన్న ఆవిడ చేతిలోంచి కడ్డీ తీసుకుని, ముంచి, తనొక్కడే చూసుకుని, దాని చోట్లో పెట్టేశాడు.

ఈలోపు టైర్ల కొట్టతను రోడ్డు దాటి వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు. పాఠం కోసం వచ్చిన బ్యాంకు ఉద్యోగి కూడా నిలబడి ఉంది.

"ఏంటన్నా, చివరికి ఏం తేలింది?" అన్నాడతను.

"ఏముంది, ఇంజిన్ కట్టినప్పుడు ఆయిల్ ఎక్కువ పోసేశాను" అన్నాడు నాన్న చేతులు తుడుచుకుంటూ. "నాదే పొరపాటు. వయసు మీద పడింది కదా."

నేను నోరు తెరవబోతే నాన్న కళ్లతోనే నొక్కేశాడు. పోయిందనుకున్న పేరు అప్పుడే కదా చేతికొచ్చింది, దాన్ని నిమిషమైనా ఉంచుకోకుండా అక్కకు ఇచ్చేశాడు. అంత ప్రేమ, అంత కోపం నాకు నాన్న మీద ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

"పోన్లే అన్నా, ఇంక విశ్రాంతి తీసుకో" అన్నాడు టైర్ల కొట్టతను జాలిగా.

ఆ జాలి అత్తకు తగిలింది. "ఒరేయ్ తమ్ముడూ, నోర్ముయ్" అంది. తర్వాత అతనివైపు తిరిగింది. గొంతు ఏమాత్రం తగ్గించలేదు, వీధి మొత్తం వినేలాగే చెప్పింది. "వాడి చేతికేం కాలేదయ్యా. వాడు కట్టిన ఇంజిన్ బంగారం. ఆయిల్ పోయించింది నేను. గీత దాటిందో లేదో కనపడక పోయించాను. కళ్ల లోపలి పొర అరిగిపోతోందట, డాక్టరు చేసేదేం లేదన్నాడు. చెబితే సీటు పోతుందని చెప్పలేదు."

"ఇప్పుడెందుకక్కా అవన్నీ" అన్నాడు నాన్న.

"నీ చెయ్యి పోయిందని అందరికీ చెప్పింది ఈ నోరే కదరా. అందరి ముందే వెనక్కి తీసుకోవద్దూ?"

అత్త ముందు తలుపు తెరిచి, సీటు మీదున్న తన చేతిసంచి తీసుకుంది. "ఎక్కవే. ఆవిడకు పాఠం టైమవుతోంది" అంది నాతో. నేర్పేవాళ్ల సీటు ముందు, కింద వేరే బ్రేకు ఉంటుంది. ఇన్నాళ్లూ అడిగి అడిగి తిట్లు తిన్న సీటది. అందులో కూర్చుంటుంటే ఎవరిదో లాక్కున్నట్టనిపించింది. బ్యాంకు ఉద్యోగి స్టీరింగ్ ముందు కూర్చుంది. అత్త, నాన్న వెనక ఎక్కారు. ఆ కారులో అత్త వెనక కూర్చోవడం అదే మొదలు.

కారు కదిలింది. పొగ లేదు, చప్పుడు లేదు. వెనకనుంచి హారన్ మోగుతుందేమో, నన్ను సరిదిద్దుతుందేమో అని చూశాను. ఒక్క మాట లేదు. రోడ్డు చివర మలుపు దగ్గర బ్యాంకు ఉద్యోగి భయపడి వేగం తగ్గించడం మర్చిపోయింది. నేను బ్రేకు తొక్కాను. అదే క్షణంలో నా వెనక, కారు నేల మీద, ధబ్‌మని ఒక కాలు పడింది. గట్టిగా, నాకంటే ఒక్క రవ్వ ముందే.

అక్కడ బ్రేకు లేదు. ఆ కాలు చాలాసేపటిదాకా అలాగే నొక్కి ఉంది.

"బాగా ఆపింది కదరా పిల్ల" అంది అత్త.

"ఆపింది అక్కా" అన్నాడు నాన్న.