మౌనం, పదకొండు సెకన్లు

కుక్కర్ పొయ్యి మీద పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. కూతలు వినబడాలని ఒక చెవి బయటికే ఉంచుకోవడం నాకు అలవాటు.

మా ఆయన తత్వశాస్త్రం ప్రొఫెసరు. కాలేజీకి వచ్చాక పిల్లలు నిజంగా ఎలా నేర్చుకుంటారన్నది ఆయన పరిశోధన. ముప్పై ఏళ్ల కిందట కాలేజీలోని తన గదిలో విద్యార్థుల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వాళ్ల మాటలు క్యాసెట్లలోకి ఎక్కించారు. ఇప్పుడవన్నీ పుస్తకంగా రావాలి. విని టైపు చెయ్యడం నా వంతు. "విన్నది విన్నట్టు కొట్టు. అర్థం చేసుకోవడం నా పని," అన్నారు మొదటిరోజే. మౌనాన్ని కూడా వదలకూడదట. ఎన్ని సెకన్లో బ్రాకెట్లో వెయ్యాలి.

నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆయన పుస్తకాలు దులుపుతూ దులుపుతూనే చదివాను. "దుమ్ము దులపడానికి ఇంతసేపా? పుస్తకానికి తలంటుతున్నావా?" అనేవారు మా అత్తగారు. అడుగుల చప్పుడైతే మూసేసి, పేజీ అంకె మనసులో అనుకుంటూ వడ్డించేదాన్ని.

ప్రతి విద్యార్థినీ చివర్లో ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "ఇది నేర్చుకోక ముందున్న నువ్వు ఇప్పుడెక్కడున్నావు?" నేర్చుకోవడమంటే సమాచారం పోగెయ్యడం కాదు, పాత మనిషిని విడిచి రావడం అని ఆయన సిద్ధాంతం. విడిచి రావడం గురించి నాకొకరు చెప్పనక్కర్లేదు. అమ్మని బస్సు కిటికీలోంచి చూడ్డమే ఆఖరు. మా అమ్మాయిని అత్తారింటికి రైలెక్కించిన రోజు ఖాళీ పట్టాలు చూస్తూ ఉండిపోయాను. ఇప్పటికీ పాలకి వెళ్లిన మనిషి పది నిమిషాలు ఆలస్యమైతే నా చేతులు చల్లబడతాయి.

నలభై ఒకటో క్యాసెట్లో ఆ ప్రశ్నకి విద్యార్థిని ఏమీ చెప్పలేదు. సెకన్లు చూస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండో సెకనులో ఎవరో నెమ్మదిగా అన్నారు.

"ఆవిడ ఇంట్లోనే ఉంది. వంట చేస్తోంది. నేర్చుకున్నదాన్నే గుమ్మం బయట నిలబెట్టారు."

వెనక్కి తిప్పి విన్నాను. మళ్లీ విన్నాను. మాటల చివర సన్నటి ఈల. పోయినేడు ముందుపన్ను ఊడాక నా మాటకి పట్టుకున్న ఈల అది. ఆ కాలేజీ గదిలో నేనెన్నడూ అడుగు పెట్టలేదు.

మాడు వాసనకి ఆయన వచ్చారు. "ఏమోయ్, చెవులున్నాయా?"

"మీ పనిలో ఉన్నాయండీ."

"మౌనం, పదకొండు సెకన్లు" అని వేస్తే సరిపోయేది. అలాగే వేశాను. చెరిపాను. కుక్కర్ అడుగున మాడినది గీకుతూ చాలాసేపు ఆలోచించాను. తిరిగొచ్చి, విన్నది విన్నట్టు కొట్టాను.

మర్నాడు పొద్దున కాగితాలు చూస్తూ ఆయన ఒకచోట ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇన్నేళ్లలో నా ప్రశ్న అర్థమైంది ఈ ఒక్కదానికే. ఎవరో ఈ అమ్మాయి. ఎలాగైనా ఇంటికి పిలవాలి. కూర్చోబెట్టి మాట్లాడాలి."

నేను లేచి వీధి తలుపు తీశాను. మెట్ల మీద ఎవరూ లేరు. అయినా పక్కకి జరిగి దారిచ్చాను. చల్లగా ఏదో నా భుజాన్ని రాసుకుంటూ లోపలికి వెళ్లింది.

తలుపు వేసి వచ్చి, ఇంటికొచ్చే విద్యార్థులు కూర్చునే కుర్చీలో ఆయనకి ఎదురుగా కూర్చున్నాను.

"వచ్చిందండీ," అన్నాను. "కాఫీ మీరు పెట్టండి."