పెద్దమ్మ, ఉప్పు కిరీటం

పెద్దమ్మ కట్టుడు పళ్లు చేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా అదే ల్యాబు, కిటికీ పక్కన అదే బల్ల. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిలో ప్లాస్టరు పోసి, అది గట్టిపడ్డాక మైనంతో చిగుళ్లు కట్టి, ఒక్కో పన్నూ వరసలో నిలబెడుతుంది. పన్ను వెంట్రుకవాసి పక్కకు జరిగినా కంటికి తెలియకపోవచ్చు గానీ నాలుకకు తెలిసిపోతుందని ఆమె అంటుంది. అందుకే ఆమె చేతి పళ్లసెట్టు ఒక్కటి కూడా సరిపోలేదని వెనక్కి రాలేదు.

అలాంటి మనిషి ఒకరోజు ల్యాబు మెట్ల మీద కాలు జారి పడింది. చీలమండ విరిగింది. డాక్టరు మోకాలి దాకా కట్టు వేసి, ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనించొద్దని గట్టిగా చెప్పాడు.

మొదటి వారం ఇల్లంతా ఆమె నోటికి హడలిపోయింది. ఇల్లంతా అంటే ఉన్నది పెదనాన్న ఒక్కడే. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. తెల్లవారగానే వెళ్లి మూడింటికి ఇంటికొస్తాడు. వచ్చేసరికి పెద్దమ్మ సోఫాలో కాలు చాపుకుని, చేతికందిన ప్రతి డబ్బా ఒళ్లో బోర్లించి సర్దుతూ ఉండేది. స్పూన్లన్నీ తెచ్చిమ్మని తోమింది. గుండీలన్నీ రంగుల వారీగా విడదీసింది. నాలుగో రోజు ఆయన బస్సు తాళాలు కూడా అడిగిందట. ఎందుకని అడిగితే, తుప్పు పట్టినట్టున్నాయి తుడుస్తానంది. తాళాలు జేబులో దాచుకుని ఆయన తిన్నగా మరదలి కూతురికి ఫోన్ చేశాడు.

ఆ అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదు, దాంతో ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ముప్పై మూడేళ్లది. ఫిజియోథెరపిస్టు. పెద్దమ్మ కాలివేళ్లకు కసరత్తు చేయించడానికి వారానికి రెండుసార్లు ఎలాగూ వస్తోంది. ఆ శనివారం చంకలో ఒక అట్టపెట్టె పెట్టుకుని వచ్చింది. పెట్టెలో పాతకాలం వీడియో గేము మిషను, రంగు వెలిసిన మీటల పలక, ఒకే ఒక్క డిస్కు ఉన్నాయి. డిస్కు మీద 'ఉప్పు కిరీటం' అని ఉంది.

"నేను చిన్నపిల్లనా?" అంది పెద్దమ్మ.

ఇది వేళ్లు గబగబా ఆడించే ఆట కాదని పిచ్చుక సర్దిచెప్పింది. నలుగురు బాటసారులుంటారు. ఒక సిపాయి, ఒక వైద్యురాలు, ఒక గొర్రెల కాపరి పిల్ల, ఒక దొంగ. వాళ్లు ఏం చెయ్యాలో మనం ఆలోచించి చెప్పాలి. మనం చెప్పేదాకా ఆట కదలదు, ఎంతసేపైనా ఆగుతుంది. కథేమిటంటే, సముద్రం ఎండిపోయి లోకమంతా ఉప్పు బయలైపోయింది. ఉప్పు కిరీటం పెట్టుకున్న రాజొకడు ఉన్న నీళ్లన్నీ తన కోటలో బంధించాడు. ఈ నలుగురూ ఆ కోటకు చేరి వాణ్ణి ఓడించాలి. దారిలో తాగడానికి తలా ఒక తోలుసంచి నీళ్లుంటాయి. నీళ్లే వాళ్ల ప్రాణం. గుక్క తాగితే బలం వస్తుంది, సంచి ఖాళీ అయితే మనిషి పడిపోతాడు.

"నువ్వు గెలిచావా?" అని అడిగింది పెద్దమ్మ.

పిచ్చుక కాసేపు నీళ్లు నమిలింది. పద్నాలుగో ఏట రాజు దాకా వెళ్లింది గానీ గెలవలేకపోయింది. నలభైసార్లు ప్రయత్నించి, ఏడ్చి, మిషను అటక మీద పడేసింది.

"అయితే ఇలా తే," అంది పెద్దమ్మ.

పళ్లు కట్టినట్టే ఆట ఆడింది. ఏ ఊరికి వెళ్లినా ప్రతి తలుపూ తట్టేది. ప్రతి మనిషితోనూ మాట్లాడేది. ఒక్కసారి కాదు, వాళ్లు చెప్పిందే మళ్లీ చెప్పేదాకా. విన్న ప్రతి ముక్కా ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. పాత క్యాలెండరు కాగితాల వెనక దారులు గీసుకుంది. పిచ్చుక ఆ మ్యాపులు చూసి నోరు తెరిచింది. తను ఆ వయసులో ఊళ్లలో ఆగనే లేదు, కత్తి పట్టుకుని పరుగెత్తడమే పనిగా ఆడింది.

మొదటి ఊళ్లో ఒక ఇంటి గుమ్మంలో ఒక ముసలావిడ కూర్చుని ఉండేది. అటుగా వెళ్లినప్పుడల్లా గుక్కెడు నీళ్లు అడిగేది. ఇస్తే తాగి, ఏదో ఒక మాట చెప్పేది. అంతకుమించి ఒరిగేదేమీ లేదు. ఆ ఎండలో ఒక గుక్క పోవడమంటే పెద్ద నష్టమే. ఆవిడకి ఇవ్వడం దండగని పిచ్చుక నవ్వింది.

"ముసలిది దాహమని అడుగుతుంటే ముఖం తిప్పుకుని ఎలా పోతానే?" అంది పెద్దమ్మ. "నువ్వు ఇంకేం చెప్పకు. చెప్పావంటే నీతో మాట్లాడను."

మూడో వారానికి పెదనాన్న కూడా చిక్కాడు. మొదట్లో ఈ వయసులో ఇదేం పిచ్చి అన్న మనిషి, ఇంటికి రాగానే టీ గ్లాసుతో పక్కన కూర్చుని "మన దొంగగారు ఎలా ఉన్నారు?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ దొంగ మహా చలాకీ. మిగతా ముగ్గురి సంచుల్లోంచి కూడా గుక్క గుక్క కాజేసేవాడు. అయిదో వారంలో కోట గేటు దగ్గర ఆ దొంగే వెనక ఉండిపోయాడు. ఎవరో ఒకరు ఆ బరువైన గేటు ఎత్తి పట్టుకుంటే తప్ప మిగతావాళ్లు లోపలికి వెళ్లలేరు. గేటు ఎత్తేముందు తన సంచి విప్పి, ఇన్నాళ్లూ కాజేసిన నీళ్లన్నీ ముగ్గురికీ పంచిపెట్టాడు. పెదనాన్న లేచి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు.

ఆరో వారం చివర్లో పెద్దమ్మ రాజు గదిలో అడుగుపెట్టింది. అప్పటికి కట్టు విప్పేశారు. కర్ర సాయంతో నడుస్తోంది. సోమవారం ల్యాబుకి వెళ్లాలి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా రాజు ఆమెను పదకొండుసార్లు ఓడించాడు. సిపాయి కత్తితో కిరీటం పగలగొడితే, మరుక్షణం పుట్టగొడుగులా మళ్లీ మొలిచేది. మొలిచినప్పుడల్లా ఇంకాస్త పెద్దదయ్యేది.

ఆదివారం ల్యాబు యజమాని ఫోన్ చేసి, రేపు వస్తున్నారు కదా అని అడిగాడు. పెద్దమ్మ ఒక్క క్షణం తెర వైపు చూసింది. ఇంకో మూడు రోజులు విశ్రాంతి కావాలని డాక్టరు చెప్పాడండి, అంది. ఇరవై ఆరేళ్లలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఫోన్ పెట్టేసేసరికి పిచ్చుక కళ్లార్పకుండా చూస్తోంది.

"ఏ డాక్టరు చెప్పాడు పెద్దమ్మా?"

"నువ్వే. ఇప్పుడు చెప్పబోతున్నావు."

సోమవారం నాలుగుసార్లు, మంగళవారం అయిదుసార్లు ఓడిపోయింది. బుధవారం మధ్యాహ్నం పెదనాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి తెర మీద ముగ్గురూ మళ్లీ నేల మీద పడి ఉన్నారు. పెద్దమ్మ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటోంది. ఆయనకి జాలేసింది. పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"ఇంత దూరం వచ్చావు, అదే గొప్ప. ఇక దానికి నీళ్లొదిలెయ్యి."

పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"ఏమన్నాను? ఆశ వదులుకోమన్నాను."

"కాదు. నీళ్లొదిలెయ్యమన్నారు."

నోటు పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పింది. గుమ్మంలో ముసలావిడ మాటలన్నీ ఒక పేజీలో వరసగా ఉన్నాయి. తొమ్మిదోసారి నీళ్లిచ్చినప్పుడు ఆవిడ చెప్పింది అడుగున ఉంది. ఆవిడ రాజును పెంచిన దాది. చిన్నప్పుడు అతను సముద్రంలో ఈది వచ్చి తలంతా ఉప్పుతో చిరాకు పడేవాడు. ఆవిడ మంచినీళ్లతో తల కడిగితే గానీ నిద్రపోయేవాడు కాదు. ముసలావిడ ఏదో పాత రోజులు తలుచుకుంటోందనుకుంది పెద్దమ్మ రాసుకున్న రోజున.

మళ్లీ మొదలుపెట్టింది. పోరులో ప్రతిసారీ నాలుగు మాటలు కనిపిస్తాయి: పొడువు, కాచుకో, తాగు, ఇవ్వు. ఆ నాలుగోది ముసలావిడ దగ్గర తప్ప ఎక్కడా పనికిరాలేదు. పెద్దమ్మ సిపాయికి 'ఇవ్వు' నొక్కి, రాజును చూపించింది. సిపాయి తన సంచి రాజు తల మీద వంచాడు. కిరీటం అంచు కొద్దిగా జారింది. మళ్లీ మొలవలేదు.

పెదనాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొర్రెల కాపరి సంచి కూడా పోసింది. కిరీటం సగమైంది. కానీ సిపాయి పడిపోయాడు, కాపరి పడిపోబోతోంది. ఇక వైద్యురాలి సంచి ఒక్కటే మిగిలింది. అది తాగితే బతుకుతుంది. పోస్తే ఏమవుతుందో తెలియదు.

పెద్దమ్మ మీటల పలక ఒళ్లో పెట్టుకుని ఫోన్ తీసింది.

"ఎక్కడున్నావే? క్లినిక్కు అవగానే ఇటు రా. నేను ఆగుతాను."

ఆట కూడా ఆగింది. నలభై నిమిషాలు పడిపోయిన సిపాయి పక్కన మిగతా ఇద్దరూ, ఎదురుగా రాజూ తెర మీద అలాగే ఊపిరి తీసుకుంటూ నిలబడ్డారు. పిచ్చుక యూనిఫాంలోనే వచ్చింది. గుమ్మంలోంచే సగం కరిగిన కిరీటం చూసి చెప్పులు విప్పడం మర్చిపోయింది. పందొమ్మిదేళ్లుగా ఆమె ఎరిగిన కిరీటం ఎప్పుడూ నిండుగానే ఉంది.

"కూర్చో," అంది పెద్దమ్మ. కూర్చున్నాక 'ఇవ్వు' నొక్కింది.

వైద్యురాలు చివరి చుక్క దాకా పోసింది. కిరీటం కరిగి రాజు భుజాల మీదుగా జారిపోయింది. దాని కింద నెరిసిన జుట్టు, ఎన్నేళ్లుగానో నిద్రలేని ముఖం కనిపించాయి. రాజు మెట్ల మీదే కూర్చుని, తల గోడకానించి నిద్రపోయాడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా సముద్రం కదిలిన చప్పుడు వినిపించింది.

పిచ్చుక ఏడుస్తూ నవ్వింది. "ఉప్పు నీళ్లలో కరుగుతుందని చంటిపిల్లకి కూడా తెలుసు కదా. నలభైసార్లు ఓడిపోయాను. నాకెందుకు తట్టలేదు?"

"తట్టకూడదనే కదా అలా కట్టారు," అంది పెద్దమ్మ. "అరవై గంటలు మన చేత చుక్క చుక్క దాచిపెట్టించారు. దాచుకోవడం మన ఒంటికి పట్టేశాక, అంతా ఒంపెయ్యమన్నారు. ఎవరు చేశారో గానీ పనిమంతులే. ఎక్కడా అతుకు కనిపించలేదు."

తెర నల్లబడి, ఆట తయారుచేసినవాళ్ల పేర్లు కింద నుంచి పైకి రాసాగాయి. పిచ్చుక మిషను ఆపడానికి లేవబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్లజోడు సరిచేసుకుని ప్రతి పేరూ పైకి చదివింది. ఇసుక రంగులు వేసినవాళ్లు. ఊళ్లు గీసినవాళ్లు. ముసలావిడ మాటలు రాసినామె. నీళ్ల చప్పుడుకే ఇద్దరున్నారు. ఆ ఇద్దరి పేర్లూ రెండుసార్లు చదివింది. తను కట్టిన పళ్లతో ఎంతమంది నవ్వుతున్నారో ఆమెకు తెలియదు, వాళ్లకీ ఈమె ఎవరో తెలియదు. ఆ సంగతి ఆమెనెప్పుడూ బాధించలేదు. కానీ ఇక్కడ ఒక్కొక్కరి పేరూ ఇంత నిదానంగా, చదువుకునేంత తీరిగ్గా పైకి వెళ్తుంటే, వాళ్లందరూ తన బల్లకు అటూ ఇటూ కూర్చుని పనిచేసినవాళ్లే అనిపించింది. వాళ్లు కట్టినదాన్ని చివరి పన్ను దాకా తడిమి చూసింది తను. వాళ్లు దాచిన చోటు కనిపెట్టింది తను. ఛాతీ కాస్త ఉప్పొంగింది. దాన్ని అణుచుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

పెదనాన్న ఆ సాయంత్రం తన తోటి డ్రైవర్లకు వరసగా ఫోన్లు చేశాడు. మా ఆవిడ రాజును ఓడించింది, అని మొదలుపెట్టి, ఏ రాజు అని వాళ్లు అడిగేదాకా ఆగి, అప్పుడు కథ అందుకున్నాడు. ఆ నీళ్ల మాట అన్నది తనేనని చెప్పడం ఎవరి దగ్గరా మర్చిపోలేదు.

గురువారం పొద్దున్నే పెద్దమ్మ కర్ర పట్టుకుని ల్యాబుకి వెళ్లింది. యజమాని కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, గిన్నెలో ప్లాస్టరు కలుపుతున్నాడు. కాలు ఎలా ఉందని అడిగాడు. కాలు బాగానే ఉందంది. తన బల్ల దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఆ మూడు రోజులూ డాక్టరు చెప్పలేదండి. ఇంట్లో ఒక ఆట ఆడుతూ ఉండిపోయాను. మీకు అబద్ధం చెప్పాను."

ఆయన చేతిలో గరిట ఆగింది. ఆమె తలెత్తి సూటిగానే చూసింది.

"గెలిచారా?" అన్నాడు.

"గెలిచానండి."

"ఏం ఆట?"

పెద్దమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. సముద్రం ఎండిపోవడం దగ్గర మొదలుపెట్టింది. పక్క బల్లల వాళ్లు ఒక్కొక్కరే చిన్న మోటార్లు ఆపి దగ్గరికి వచ్చారు. దొంగ గేటు దగ్గరకు చేరేసరికి యజమాని గిన్నెలో ప్లాస్టరు రాయిలా బిగిసిపోయింది. ఆయన దాన్ని చెత్తబుట్టలోకి తట్టి, కొత్తది కలుపుకోవడానికి నీళ్ల కొళాయి వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "ఊఁ, గేటు ఎత్తాడు. తర్వాత?" అన్నాడు.