కళ్ళు తెరిచి చేసే ప్రార్థన

మా చెల్లెలు ప్రేమమణి ముసల్మాను అయి రెండేళ్ళయింది. ఆ సంగతి చిలకలగూడలో ఎవరికీ తెలియకుండా మా అమ్మ రోసమ్మ రెండేళ్ళూ కాపాడుకొచ్చింది. ఎవరైనా అడిగితే, "దానికి ఎండ పడదండీ, అందుకే తలకి గుడ్డ" అనేది. జనవరిలో కూడా అదే చెప్పేది.

తొంభై నాలుగు మే నెలలో ఓ ఆదివారం మణి ఇంటికొస్తానని ఫోన్ చేసింది. ఫోన్ పక్కింటి శ్యామలమ్మగారిది. అందువల్ల ఆ వార్త మాకంటే ముందు వీధికి తెలిసింది.

మణి వస్తున్నది నా కూతురు లీలాకుమారి కోసం. లీలకు ఎనిమిదేళ్ళు, తల్లి లేని పిల్ల. లెక్కల్లో నూటికి ముప్పై ఎనిమిది. మా ఇంట్లో చావు కబురు కూడా ఇంత కలకలం రేపలేదు. సెలవులన్నీ సైనిక్‌పురిలో జకర్యా పెదనాన్న దగ్గర ఉంచి లెక్కలు చెప్పించాలని అమ్మా నేనూ నిర్ణయించాం. ఆయన మా పెద్దమ్మ భర్త, రిటైర్డ్ హెడ్మాస్టరు. పెద్దమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆ మధ్యాహ్నమే వచ్చి పిల్లను తీసుకెళ్తానన్నాడు.

మణికి పదకొండేళ్ళప్పుడు ఆయన మా ఇంట్లో ఉండి దానికీ లెక్కలు చెప్పాడు. తలుపు వేసి చెప్పాడు. లోపల ఆయన తనను ఏం చేస్తున్నాడో మణి ఒకరోజు వంటింట్లో అమ్మతో చెప్పింది. "ఎక్కడా అనకే, మీ పెద్దమ్మ కాపురం పోద్ది" అంది అమ్మ. నేను పక్క గదిలో జాగ్రఫీ చదువుతున్నాను. అంతా విన్నాను. పేజీ తిప్పాను. గోదావరి ఎక్కడ పుడుతుందో ఇప్పటికీ తడుముకోకుండా చెప్తాను.

మరి కూతుర్ని ఎలా పంపుతున్నావని మీరడగొచ్చు. ఆయనకిప్పుడు అరవై ఎనిమిదేళ్ళు, షుగరు, బీపీ. మా ఇళ్ళల్లో షుగరు వచ్చిన మనిషికి పాపాలన్నీ మాఫీ. పైగా పంపకపోతే ఎందుకు పంపలేదని చుట్టాలు అడుగుతారు. అడిగితే చెప్పాలి.

మణి ముందు గేటు నుంచే వచ్చింది.

"వెనక గుమ్మం ఉంది కదే" అంది అమ్మ, శ్యామలమ్మగారి కిటికీ వంక చూస్తూ.

"నేనేమన్న దొంగతనానికొచ్చిన్నా అమ్మా?"

"సర్లే. మటన్ తింటావా, నీకు వేరే వండాలా?"

"యాడ తెచ్చినవ్?"

"ఎప్పుడూ తెచ్చే కొట్టేగా, మసీదు పక్కన."

"ముప్పై ఏండ్ల సంది మీరు సుత హలాలే తింటున్నరు."

అమ్మ గబుక్కున గిన్నె మీద మూత పెట్టింది, ఇల్లంతటికీ సున్తీ అయిపోతుందేమో అన్నట్టు.

తర్వాత మణి గదిలో చిన్న చాప పరుచుకుని నమాజు చేసింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. చివరిదాకా ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి.

"కళ్ళు మూసుకోవా?" అన్నాను.

"నుదురు ఆనే జాగ మీదనే చూపు పెట్టాలె, అన్నా." చాప మడుస్తూ మాట్లాడింది. "ఇంట్ల ప్రార్థన షురూ అయితే అందరు కళ్ళు మూస్తుండె. నాకు భయం. మూస్తే పెదనాన్న చెయ్యి యాడికొస్తదో తెల్వది. యేసుప్రభువు మీద నాకెన్నడు కోపం లేకుండె. కళ్ళు మూయలేకపోయిన, గంతే. హాస్టల్ల ఒక అక్క నమాజు చేస్తుంటే చూసిన. కళ్ళు తెరిచి, నిమ్మళంగ, దేవుని ముందట నిలబడ్డది. గిట్ల సుత నిలబడొచ్చా అనిపించింది. నేను సుత నేర్చుకున్న. పదకొండేండ్లప్పటి సంది పట్టని నిద్ర పట్టింది."

"రోజూ ఐదుసార్లు కష్టం కాదా?"

"రోజుకు ఐదుసార్లు ఎవ్వలకు భయపడకుంట ఉంట. అది తక్లీఫా?" చాప సంచీలో పెట్టుకుంది. "ఆ రోజు నువ్వు విన్నవ్. పేజీ తిప్పిన చప్పుడు నాకు వినబడ్డది. నిన్నేం అనలే. ఇప్పుడంటున్న. లీలను పంపకు."

నేను ఏదో అనేలోపు గేటు దగ్గర స్కూటర్ ఆగింది.

పెదనాన్న లోపలికి రాగానే అందరం లేచి నిలబడ్డాం. అలవాటు. ఆయన నవ్వుతూ మణి తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ముట్టకు."

"ముసుగేసుకుంటే పెదనాన్న పరాయివాడైపోయాడా?" అని ఆయన మరీ నవ్వాడు. "సరే. ప్రార్థన చేసుకుని బయల్దేరతాం. లీలమ్మా, ఇట్రా. అందరూ కళ్ళు మూసుకోండి."

ఆయన ప్రార్థన పొడుగు. ముఖ్యమంత్రితో మొదలుపెట్టి మా ఇంటి బోరు దాకా వరసగా దీవిస్తాడు. బోరు దగ్గరకొచ్చేసరికి, పుట్టి ముప్పై మూడేళ్ళలో మొదటిసారి నేను ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచాను.

మణి చూపు లీల మీద ఉంది.

పెదనాన్న కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నోరు బోరులో నీళ్ళు అడుగుతోంది. కళ్ళు నా కూతుర్ని చూస్తున్నాయి. దాని తల మీద పెట్టిన చెయ్యి మెడ వెనక్కి జారింది. లీల కళ్ళు గట్టిగా మూసుకుని, గౌను అంచు పిడికిట్లో బిగించి, కదలకుండా నిలబడి ఉంది.

"లీల రాదు" అన్నాను.

ప్రార్థన ఆగింది. "ఏంట్రా ఆర్థర్?"

"నా బిడ్డ మీ ఇంటికి రాదు. చెయ్యి తీయండి."

"లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చిన పిల్లరా" అన్నాడాయన, చాలా మెల్లగా, చెయ్యి తీయకుండా.

"సున్నా రానీయండి."

మణి వచ్చి లీలను తనవైపు లాక్కుంది. ఇద్దరూ ముందు గేటు నుంచే వీధిలోకి వెళ్ళారు. శ్యామలమ్మగారి కిటికీ రెండో రెక్క కూడా తెరుచుకుంది.

పెదనాన్న వెళ్ళలేదు. తీరిగ్గా సోఫాలో కూర్చున్నాడు.

"టీ పెట్టు రోసీ, చక్కెర లేకుండా. పిల్ల ఎప్పటికైనా ఇంటికి రావాలిగా. కూర్చుంటాను."

అమ్మ చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని అక్కడే నిలబడి ఉంది. ఇంకా ఎవరూ ఆమెన్ అనలేదు మరి.